కొత్త టీవీ ఇంటికొచ్చిన మొదటి మూడు రోజులు



మన సరిహద్దు జిల్లాల్లో నేతపని వారి వాడ ఉన్న ఏ ఊరికైనా వెళ్ళి అడగండి, భివండీలో చుట్టం లేని ఇల్లు అరుదుగా కనబడుతుంది. అన్నో, బావో, మేనమామ కొడుకో అక్కడ సాంచా నడుపుతుంటాడు. థానే జిల్లాలో, ముంబయికి ఈశాన్యంగా ఉన్న ఆ మరమగ్గాల పట్టణంలో పద్మనగర్ సందుల్లో నడుస్తుంటే చెవిన పడేవి మన మాటలే. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ, నిజామాబాద్ వైపుల నుంచి తరాలుగా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అవి. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి. ఒక రోజు కార్ఖానాకు పోకపోతే ఆ రోజు కూలి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇవాళ నేను చెప్పబోయే దానికి ఇదే కీలకం.

ఇంట్లోకి కొత్తగా టీవీయో, ఫ్రిజ్జో, వాషింగ్ మెషినో తెచ్చుకున్నప్పుడు దాన్ని ఎలా పెట్టించుకోవాలి, పాడైతే దుకాణం వారు మొహం చాటేసినప్పుడు ఏం చేయాలి అన్నది ఈనాటి విషయం. నేను చాలా ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేసిన మనిషిని. అయినా ఈ సంగతులు నాకు పూర్తిగా అర్థమైంది నా సొంత బంధువుల ఇంట్లోనే. అందుకని ఆ ముచ్చటే చెబుతాను.

పద్మనగర్‌లో ఉండే మా బావ 2023 దసరాకు 43 అంగుళాల టీవీ కొన్నాడు. ఊళ్ళో పెద్ద పేరున్న దుకాణం. అద్దాల తలుపులు, చల్లని గాలి, లోపలికి అడుగు పెట్టగానే మంచినీళ్ళు ఇచ్చే కుర్రవాడు. పక్కనే బల్ల వేసుకొని ఫైనాన్స్ కంపెనీ మనిషి కూర్చొని ఉంటాడు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం చూపిస్తే పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆరు వేలు నగదు, మిగిలింది నెలకు రెండు వేల చొప్పున పది వాయిదాలు. ‘వడ్డీ లేదు సేఠ్, బిగింపు కూడా ఫ్రీ’ అన్నారు. సాంచా నడిపే మనిషిని సేఠ్ అని పిలిచేది ఆ ఒక్క పూటే అని మా అక్క తరవాత నవ్వింది.

సాయంత్రానికి టెంపోలో పెట్టె వచ్చింది. తెచ్చినవాళ్ళు పెట్టె దించి, కాగితం మీద సంతకం తీసుకొని వెళ్ళిపోయారు. బిగించే మనిషి రెండు రోజుల్లో వస్తాడన్నారు. నాలుగో రోజు ఒక కుర్రవాడు వచ్చాడు. గోడకు తగిలించాలంటే స్టాండు విడిగా కొనాలన్నాడు, ఎనిమిది వందలు తీసుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందులో టీవీకి అనువుగా కనిపించిన గోడకు అవతల మగ్గాల షెడ్డు ఉంది. అక్కడే నాలుగు రంధ్రాలు చేసి, తగిలించి, అరగంటలో వెళ్ళిపోయాడు. పిల్లలు ఎంత సంతోషించి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. తొమ్మిదో రోజున తెర మీద పైనుంచి కిందికి రంగు గీతలు వచ్చాయి.

అక్కడి నుంచి మా బావ తిరుగుడు మొదలైంది. దుకాణానికి పోతే, ‘అమ్మేదాకే మా పని, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోండి’ అన్నారు. సర్వీస్ సెంటర్ మనిషి వచ్చి చూసి, ‘తెర మీద వెనక నుంచి ఒత్తిడి పడింది, ఇది మీ చేతి దెబ్బ, వారంటీ వర్తించదు, కొత్త తెరకు పద్దెనిమిది వేలు’ అన్నాడు. మళ్ళీ దుకాణానికి పోతే మేనేజర్ లేడు. ఇంకోసారి పోతే ఉన్నాడు గాని మొహం చూపలేదు. ఇలా మూడు షిఫ్టులు పోయాయి. దీపావళికి నేను వెళ్ళేసరికి మా అక్క అన్న మాట: ‘తమ్మీ, మూడు దినాల పగారు పాయె, టీవీ జూస్తె గోడకు పాతబొమ్మ లెక్క ఉన్నది.’ పైగా మొదటి వాయిదా ఖాతాలోంచి కోసుకుపోయింది.

నేను వెళ్ళగానే టీవీ వైపు చూడలేదు. ‘కాగితాలు తీయి బావా’ అన్నాను. ట్రంకు పెట్టెలోంచి ఒక గులాబీ రంగు చీటీ తీశాడు. దాని మీద దుకాణం పేరు, టీవీ మోడల్, ధర ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఎస్టిమేట్’ అని ఉంది. అంటే అంచనా చీటీ. జీఎస్‌టీ నంబరు లేదు, బిల్లు నంబరు లేదు, టీవీ వెనక ఉండే సీరియల్ నంబరు లేదు. ఇరవై ఆరు వేల వస్తువుకు ఆ ఇంట్లో ఉన్న ఆధారం అంతే. వారంటీ కార్డు ఉంది గాని దాని మీద దుకాణం ముద్ర లేదు, తేదీ లేదు.

శ్రోతలారా, ఇక్కడ కాస్త ఆగుదాం. కచ్చా చీటీ మీద కొంటే నాలుగు రూపాయలు తగ్గుతాయని మనవాళ్ళు సంతోషపడతారు. ఆ తగ్గింపు దుకాణదారుడు తన లాభంలోంచి ఇచ్చేది కాదు, పన్ను ఎగవేతలోంచి ఇచ్చేది. దానితోపాటు మీరు ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అన్న రుజువు కూడా పోతుంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కకట్టింది. కనుక పక్కా బిల్లు అడగడం బతిమాలుకోవలసిన పని కాదు. ఆ బిల్లు మీ పేరు మీద ఉండాలి. మోడల్ నంబరు, సీరియల్ నంబరు రెండూ ఉండాలి. పెట్టె మీద, వస్తువు వెనక, బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు ఒకటేనా అని టెంపో వాళ్ళు ఉండగానే చూసుకోండి. చదవడం రాకపోతే చివరి నాలుగు అంకెలైనా పిల్లల చేత సరిచూపించండి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. రెండేళ్ళ నాటి సరుకును పండుగ తగ్గింపు అని అంటగట్టే వాళ్ళు ఉంటారు.

బావకు పక్కా బిల్లు ఎలా దొరికిందో చెబుతాను. దుకాణంలో అడిగితే ‘రేపు రండి’ అన్నారు. నాకు అప్పుడు తోచింది. ఏ వస్తువు మీద అప్పు ఇచ్చారో ఆ వస్తువు బిల్లు ఫైనాన్స్ కంపెనీ తన దగ్గర పెట్టుకుంటుంది కదా. ఆ కంపెనీ నంబరుకు ఫోన్ చేసి, అప్పు ఖాతా నంబరు చెప్పి, బిల్లు నకలు, ఒప్పందం నకలు రెండూ కావాలన్నాం. మర్నాడు ఫోన్‌కు వచ్చాయి. చూస్తే అందులో జీఎస్‌టీతో సహా అన్నీ ఉన్నాయి. అంటే దుకాణం వారు బిల్లు రాశారు, కొన్నవాడికి మాత్రం ఇవ్వలేదు. ఒప్పందం చదివితే ఇంకొక సంగతి బయటపడింది: వడ్డీ లేదన్న అప్పులో ఫైలు ఖర్చు కింద కొన్ని వందలు చేర్చి ఉన్నాయి. వాయిదాల మీద కొనేవాళ్ళు ఒకటి మరవకండి. టీవీ పాడైందని కోపంతో వాయిదా ఆపితే దుకాణానికి ఏమీ కాదు. దానికి డబ్బు ఎప్పుడో ముట్టింది. అప్పు ఎగ్గొట్టినవాడిగా మీ పేరు నమోదవుతుంది, జరిమానా పడుతుంది. వాయిదా కడుతూనే పోట్లాడాలి. ఫైనాన్స్ కంపెనీయే తప్పు చేసి, రాసి ఇచ్చినా నెల రోజుల్లో సరిదిద్దకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. దానికి 14448 అనే ఫోన్ నంబరు ఉంది.

ఇప్పుడు టీవీ దగ్గరికి వద్దాం. నేను వెనక మూత విప్పలేదు. పనివాణ్ణి కనుక చెయ్యి దురద పెట్టింది, అయినా విప్పలేదు. కంపెనీ మనిషి కాక వేరెవరు విప్పినా వారంటీ అక్కడితో సరి. టీవీ వచ్చిన అట్టపెట్టెను మా అక్క పారెయ్యకుండా మంచం కింద పెట్టింది. దాన్ని తీసి చూశాను. అడుగున థర్మోకోల్ పక్కన ఒక ప్లాస్టిక్ సంచి, సీలు తియ్యకుండా అలాగే ఉంది. అందులో కంపెనీ ఇచ్చిన గోడ స్టాండు, దానికి సరిపోయే నాలుగు మరలు ఉన్నాయి. కంపెనీ ఉచితంగా పెట్టెలో పెట్టిన స్టాండును వదిలేసి, ఆ కుర్రవాడు తన సంచిలోని స్టాండును ఎనిమిది వందలకు అమ్మి, జేబులోని మరలతో బిగించాడన్నమాట.

ఇందులో డబ్బు కన్నా మరల సంగతి ముఖ్యం. టీవీ వెనక నాలుగు రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరానికి ఒక ప్రమాణం ఉంది, దాన్ని వెసా అంటారు. ఎంత లావు మర, ఎంత పొడుగు మర పడుతుందన్నది ఆ టీవీతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. అంతకంటే పొడుగు మర వేసి బలంగా తిప్పితే దాని కొన లోపలికి పోయి తెర వెనక భాగాన్నో, సర్క్యూట్ బోర్డునో నొక్కుతుంది. ఈనాటి తెరలు అద్దం కంటే సున్నితం. దానికి తోడు అవతల మగ్గాలు నడుస్తుంటే గోడ పగలూ రాత్రీ వణుకుతూనే ఉంటుంది. ఒత్తిడి పడిందని సర్వీస్ మనిషి చెప్పింది నిజమే కావచ్చు. ఆ ఒత్తిడి ఎవరి చేతి వల్ల పడింది అన్నదే తేలవలసిన ప్రశ్న. సీలు తియ్యని ఆ సంచి దానికి జవాబు. ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టాను.

మరి ఆ కుర్రవాడు ఎవరు? దుకాణం వారు కంపెనీ మనిషి అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే మీ పేరు మీద బిగింపు పని నమోదే కాలేదన్నారు. ఇద్దరి మధ్యా మనిషి మాయమైపోయాడు. అందుకే, కొత్త వస్తువు ఇంటికి రాగానే పెట్టె మీద అచ్చువేసి ఉన్న వినియోగదారుల సేవ నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఆ నంబరు పెట్టె మీద ఉండి తీరాలని నిబంధన ఉంది. బిగింపుకు మనిషి కావాలని చెబితే మీ ఫోన్‌కు ఒక పని నంబరు వస్తుంది. వచ్చినవాడు ఆ నంబరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే మర్యాదగా టీ ఇచ్చి పంపించండి, పెట్టె మాత్రం తెరవనివ్వకండి. తెరిచేటప్పుడు సీలు కోసే దగ్గర నుంచి తెర వెలిగేదాకా ఇంట్లో ఒకరు ఫోన్‌తో వీడియో తీస్తే చాలా గొడవ తప్పుతుంది. నలుపు, తెలుపు, ఎరుపు రంగులు నిండుగా వేయించి చూడండి. గీత గాని, వెలగని చుక్క గాని, మూలల్లో పగులు గాని ఉంటే అతని కాగితం మీదే రాయించండి. డబ్బు తీసుకుంటే రసీదు అడగండి. రసీదు లేని డబ్బు ఎవరి జేబులోకి పోయిందో చెప్పనక్కరలేదు.

టీవీని ఎక్కడ పెట్టాలన్నది మీరు ముందే ఆలోచించుకోండి, బిగించేవాడికి వదలకండి. అంగుళాలు అని చెప్పేది తెర మూల నుంచి మూలకు ఉండే కొలత. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54 సెంటీమీటర్లు. 32 అంగుళాలదైతే వెడల్పు 71, ఎత్తు 40. ఈ కొలతలతో ఒక పాత దినపత్రికను కత్తిరించి గోడకు అంటించి చూసుకోండి. మీరు కింద కూర్చొని చూస్తారా, మంచం మీద కూర్చొనా? కూర్చున్నప్పుడు కళ్ళు ఉండే ఎత్తుకు తెర నడిమి భాగం రావాలి. దేవుడి పటం లాగా చూరుకింద తగిలిస్తే నెల తిరక్కుండా మెడనొప్పి పట్టుకుంటుంది. షెడ్డును ఆనుకున్న గోడ, తడి దిగే గోడ, ఒక్క ఇటుక మందం గోడ – ఈ మూడూ పనికిరావు. దూది పొట్టు ఎగిరే చోట ఉండేవారు టీవీ వెనక నాలుగు వేళ్ళ సందు వదలాలి. గాలి ఆడే రంధ్రాల్లో ఆ పొట్టు మెత్తలాగా పేరుకుంటుంది. పదిహేను రోజులకొకసారి స్విచ్చి ఆపి, పొడిబట్టతో, మెత్తని కుంచెతో తుడవాలి. తడిబట్ట వద్దు.

కరెంటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది భివండీకే కాదు, మోటార్లు నడిచే మన ఊళ్ళకూ వర్తిస్తుంది. ఇంటికి రావలసింది 230 వోల్టులు. మీ టీవీ ఎంత నుంచి ఎంత వరకు తట్టుకుంటుందో దాని వెనక చీటీ మీద ఉంటుంది. కొంచెం హెచ్చుతగ్గులను ఈనాటి టీవీలు సొంతంగానే సర్దుకుంటాయి. అసలు ప్రమాదం న్యూట్రల్ తీగ తెగినప్పుడు వస్తుంది. మూడు ఫేజుల మీద ఇళ్ళ భారం సమంగా ఉండదు. న్యూట్రల్ ఉన్నంతసేపు ఆ తేడా బయటపడదు. అది తెగితే, తక్కువ భారం ఉన్న ఫేజులోని ఇళ్ళకు 230 బదులు మూడు వందలు, ఆ పైన కూడా రావచ్చు. పక్కింట్లో బల్బులు మసకబారి, మన ఇంట్లో బల్బులు తెల్లగా మండి, ఫ్యాను ఎన్నడూ లేనంత వేగంగా తిరిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. అది కరెంటు భారం మించితే పడుతుంది గాని వోల్టేజి పెరిగితే పడదు. మెరుపు దెబ్బ లాంటి క్షణకాలపు పోటును ఆపే స్పైక్ గార్డు కూడా నిలకడగా వచ్చే హెచ్చు వోల్టేజిని ఆపలేదు. వోల్టేజి హద్దు దాటితే తనంతట తానే తెంచే చిన్న పరికరాన్ని మీటరు దగ్గర పెట్టించుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుకు. దాన్ని విరిచి రెండు పిన్నుల బోర్డులో దోపడం మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. బయటి బాడీకి కరెంటు దిగిందంటే ఆ విరిచిన పిన్ను ప్రాణానికే ముప్పు.

కరెంటు పోటు వల్ల వస్తువు కాలిపోతే అదే రోజు విద్యుత్ సంస్థకు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. భివండీలో 2007 నుంచి మహావితరణ్ తరఫున టోరెంట్ పవర్ సంస్థ పంపిణీ చూస్తోంది. సంస్థ ఏదైనా సరే, 2003 విద్యుత్ చట్టం ప్రకారం వినియోగదారుల ఫిర్యాదులు వినే వేదిక ఒకటి ఉంటుంది. వారం తరవాత వెళ్ళి చెబితే రుజువు చేయడం కష్టమవుతుంది. వీధిలో ఇంకెవరి ఇళ్ళలో ఏం కాలిందో వాళ్ళ చేత కూడా రాయించి పెట్టుకుంటే బలం.

టీవీతోపాటు మనవాళ్ళకు కావలసింది తెలుగు. ఊరి కేబుల్‌లో తెలుగు చానళ్ళు ఎన్ని వస్తాయో సెట్‌టాప్ బాక్స్ తీసుకునే ముందే అడగాలి. ఏ చానల్ కావాలో ఎంచుకునే వీలు 2019 నుంచి చూసేవారికే ఉంది. నెల రుసుము వద్దనుకుంటే దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది, అందులో యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. దాని ఉపగ్రహం భివండీ నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున ఉంటుంది. ఆ వైపు ఎత్తయిన భవనం అడ్డం ఉంటే డబ్బు పెట్టి డిష్ కొని ఉపయోగం లేదు. కొనే ముందే డాబా ఎక్కి చూసుకోవాలి.

ఇక మా బావ ఫిర్యాదు సంగతి. సర్వీస్ సెంటర్ మనిషిని మళ్ళీ పిలిపించి, వారంటీ ఎందుకు వర్తించదో జాబ్ షీటు మీద రాసి ఇమ్మన్నాం. నోటితో ‘మీ తప్పు’ అన్నంత తేలికగా కాగితం మీద రాయలేరు. అతను ‘బిగింపు లోపం వల్ల ఒత్తిడి’ అని రాశాడు. చేతి దెబ్బ అన్నవాడే బిగింపు లోపం అని రాశాడు చూడండి.

తరవాత 1915 కు ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. పదిహేడు భాషల్లో మాట్లాడతారు, అందులో తెలుగు ఉంది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. రాత్రి షిఫ్టు చేసేవారు పగలు, పగటి షిఫ్టు చేసేవారు పొద్దున్నే చేసుకోవచ్చు, కూలి పోగొట్టుకోనక్కరలేదు. బావ తెలుగులోనే చెప్పాడు. కొన్న తేదీ, బిల్లు నంబరు, జాబ్ షీటు నంబరు అడిగారు. అన్నీ చేతిలో ఉన్నాయి గనుక పావుగంటలో ఫిర్యాదు నంబరు వచ్చింది. ఈ కేంద్రం తీర్పు చెప్పదు, ఎవరినీ శిక్షించదు. కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది, అంతే. అయితే కంపెనీల పెద్ద కార్యాలయాలు ఈ ఫిర్యాదులను కౌంటరు దగ్గర అరిచే అరుపుల కంటే శ్రద్ధగా చూస్తాయి.

అదే రోజు ఇద్దరికీ, అంటే దుకాణానికీ కంపెనీకీ, ఒకే ఉత్తరం రెండు ప్రతులు పంపాం. ఒక పేజీ దాటలేదు. ఏ తేదీన ఏం కొన్నాం, ఎవరు బిగించారు, ఏ రోజు ఏం పాడైంది, జాబ్ షీటులో ఏం రాశారు, మాకు ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. బిల్లు, జాబ్ షీటు, ఫోటోల నకళ్ళు జతచేశాం. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకూడదు. అప్పుడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక ఇప్పుడైతే స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, ముట్టినట్టు రుజువు కావాలని పోస్టాఫీసులో అడగాలి.

దీనికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మన దేశంలో మొదటి వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబరు 24న వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలైంది. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు, మీరే నిలబడి చెప్పుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళ గడువు. దుకాణాన్నీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చాలి. లేకుంటే ఉన్నవాడు లేనివాడి మీదికి నెడతాడు. కేసు మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతున్న కేసులు ఉన్నాయి, దాచడం ఎందుకు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అనే పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు వేసే సౌకర్యం వచ్చింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూసి భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని చట్టంలోనే ఉంది.

సరిహద్దులో ఉండే మనకు పనికొచ్చే మార్పు ఒకటి ఆ కొత్త చట్టంలో వచ్చింది. పాత చట్టంలో అమ్మినవాడు ఉన్న చోటో, గొడవ పుట్టిన చోటో ఫిర్యాదు వేయవలసి వచ్చేది. ఇప్పుడు కొన్నవాడు నివసించే చోట, పనిచేసుకునే చోట కూడా వేయవచ్చు. నాందేడ్‌లో కొని బోధన్‌లో ఉంటున్నవారు నిజామాబాద్ కమిషన్‌కు పోవచ్చు. చంద్రపూర్‌లో కొన్న ఆదిలాబాద్ వారూ అంతే. భివండీలో కొన్న టీవీని లారీలో ఊరికి పంపే అలవాటు మాత్రం మంచిది కాదు. దారిలో పగిలితే కంపెనీ, దుకాణం, లారీవాడు ముగ్గురూ చేతులెత్తేస్తారు. ఆ డబ్బు ఊరికి పంపి అక్కడే కొనుక్కోమనడం మేలు.

ఆన్‌లైన్‌లో కొంటే ఈ బాధలు ఉండవు కదా అని అడిగేవారున్నారు. దుకాణం మేనేజర్ మొహం చూడనక్కరలేదు, నిజమే. ఆ అమ్మకపు సంస్థలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి నిబంధనలు ఉన్నాయి. బిగించే రోజు తీసుకోవలసిన జాగ్రత్తలు మాత్రం ఎక్కడ కొన్నా ఒకటే. తమాషా ఏమిటంటే, ముంబయి నగరానికి పోయే ఆన్‌లైన్ సరుకులో ఎంతో భాగం భివండీ చుట్టూ మాన్కోలీ, కాల్హేర్, పూర్ణా వైపు ఉన్న గోదాముల నుంచే బయలుదేరుతుంది. మా బావ చిన్న కొడుకు అలాంటి గోదాములో టీవీ పెట్టెలు ఎత్తుతాడు. ఏ పెట్టెను ఎలా నిలబెట్టాలో అతనికి కంపెనీ నేర్పించింది. గోడకు ఎలా తగిలించాలో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఫిర్యాదు చేసిన ఇరవై ఆరో రోజున కంపెనీ తెర మార్చింది. దుకాణం వారు ఎనిమిది వందలు తిరిగి ఇచ్చారు, అదీ బిల్లు పుస్తకంలో రాయకుండా. పోయిన మూడు షిఫ్టుల కూలి ఎవరూ ఇవ్వలేదు. దానికి కమిషన్‌కు పోదామా అని అడిగాను. ‘థానే పోయి వచ్చుడంటె ఇంకో షిఫ్టు పాయె బామ్మర్దీ’ అన్నాడు బావ. అతని లెక్క అతనిది, నేను బలవంతపెట్టలేదు.

ఇప్పుడు ఆ టీవీ గోడ మీద లేదు. షెడ్డు గోడకు ఎదురుగా, చెక్కబల్ల మీద, దానితో వచ్చిన కాళ్ళ మీదే నిలబడి ఉంది. సీలు తియ్యని స్టాండు సంచి, పక్కా బిల్లు, జాబ్ షీటు, పోస్టు రసీదులు అన్నీ ఒక కవరులో పెట్టి మా అక్క ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద దాచింది. ఈ మధ్య పక్క ఖోలీ వాళ్ళు వాషింగ్ మెషిన్ కొనబోతూ ఆ కవరు ఒకసారి చూపించమని అడిగారట.